సైకిలు కొంటున్నారు సరే, ఎవరికి?



ఇవాళ సైకిలు కొనడం గురించి మాట్లాడుకుందాం. "సైకిలు కొనడానికి కూడా ప్రసంగం కావాలా? డబ్బు పట్టుకుని కొట్టుకి వెళ్తే ఇవ్వరూ?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఇస్తారు, ఇవ్వకేం! కాని మీ వీధిలో ఒక్కసారి తలెత్తి చూడండి. ఎన్ని ఇళ్ళ బాల్కనీల్లో కొత్త సైకిళ్ళు తువ్వాళ్ళు ఆరేసుకునే దండేలైపోయాయో! టైర్ల మీది రబ్బరు నూగు ఇంకా అరగనైనా లేదు, లోపలి గాలి మాత్రం ఎప్పుడో దిగిపోయింది. వాటిలో చాలా మటుకు "మా ఆవిడ కోసం" అని భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళి, ఆదివారం పూట ముచ్చటపడి కొన్నవే. మరి ఆవిడ ఎందుకు తొక్కడం లేదు? బద్ధకం అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. నేను మాత్రం అలా అనుకోను. కొన్న రోజునే, ఆ కొట్లోనే, అది ఆవిడ సైకిలు కాకుండా పోయింది. ఎలాగో చెబుతాను.

మా ఎదురింటి వదినగారు ఐదడుగుల ఒక్క అంగుళం మనిషి. రైతుబజారు, బ్యాంకు, చిన్నపిల్ల బడి, అన్నీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపే. నడిస్తే పొద్దెక్కిపోతుంది, ఆటో ఎక్కితే కూరల ఖరీదు కన్నా ఆటో ఖరీదే ఎక్కువవుతుంది. సైకిలు ఉంటే బాగుండునని ఆవిడే అడిగింది. చిన్నప్పుడు పల్లెటూళ్ళో వాళ్ళ అన్నయ్య సైకిలు మీద నేర్చుకున్నదే, తొక్కడం వచ్చు. సరే, ఇద్దరూ వెళ్ళారు. షాపతను ఆయన వైపు తిరిగి "ఎంతలో చూపించమంటారు సార్?" అన్నాడు. ఆయన నాలుగు సైకిళ్ళు చూసి, ఒకటి వీధి చివరిదాకా తొక్కి వచ్చి, "భలే ఉందోయ్!" అన్నారు. ఆవిడ అంతసేపూ సంచీ, హెల్మెట్టు పట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఇంటికొచ్చింది ఇరవై తొమ్మిదంగుళాల చక్రాల బండి. సీటు ఎంత కిందికి దించినా ఆవిడకి మునివేళ్ళే నేలకి ఆనేవి. మూడోరోజు సిగ్నలు దగ్గర ఆగబోయి, వంకాయల సంచీతో సహా పక్కకి ఒరిగిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది. ఆ తరవాత దాని జోలికి వెళ్ళలేదు. "నీకెందుకే ఇవన్నీ, నీవల్ల కాదు" అని అత్తగారు ముద్ర వేసేశారు. సైకిలుకి ఆవిడ సరిపోలేదన్నారే గాని, ఆవిడకి సైకిలు సరిపోలేదని ఒక్కరూ అనలేదు.

ఇది చిన్న విషయం కాదండీ. సైకిలు అంటే మనకి వ్యాయామం, సరదా మాత్రమే కాదు. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి పిల్లవాడి గ్రాఫు కాగితం దాకా "మీరు వచ్చేటప్పుడు తెస్తారా?" అని ఒకరిని అడగక్కర్లేకుండా, పెట్రోలు లెక్క చెప్పక్కర్లేకుండా, పది నిమిషాల్లో వెళ్ళి రావడం. కనుక ఎవరు తొక్కుతారో వాళ్ళకి కొలిచి కొనాలి. రవిక కుట్టించుకునేటప్పుడు మన కొలతలే ఇస్తాం గాని, మావారి చొక్కా కొలతలు ఇస్తామా?

కొట్టుకి బయలుదేరేముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఎవరు తొక్కుతారు, ఎక్కడికి, ఏం మోస్తారు, రాత్రి ఎక్కడ పెడతారు? ఈ నాలుగూ తేలితే కొట్టులో ముప్పాతిక భాగం సైకిళ్ళు వాటంతటవే తప్పుకుంటాయి. నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, లిఫ్టు లేని రెండో అంతస్తు వాళ్ళని అడగండి. పాతకాలపు నల్ల సైకిలు ఇరవై కిలోల దాకా తూగుతుంది. కొత్త రకాల్లోనూ బరువైనవి బోలెడు. రోజూ దాన్ని మెట్లెక్కించేది మీరే అయితే, కొట్లో మీరే ఒకసారి ఎత్తి చూడాలి. వారు ఎత్తి "ఏముంది, దూదిపింజె" అంటే ఒప్పుకోకండి.

ఇక సైజు సంగతి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. "ఇరవైయారు ఇమ్మంటారా, ఇరవై ఏడున్నరా?" అని కొట్లో అడుగుతారు చూడండి, అది చక్రం సైజు. సైకిలుకి ఇంకో సైజు ఉంది, ఫ్రేము సైజు. పెడళ్ళు తిరిగే ఇరుసు దగ్గర్నుంచి సీటు కిందికి నిలువుగా ఒక గొట్టం వస్తుంది కదా, దాని పొడవన్నమాట. మన నాన్నగార్ల రోజుల్లో 22 అంగుళాలు, 24 అంగుళాలు అని అడిగి కొనేది ఈ ఫ్రేమునే. చక్రం ఒకే సైజుదైనా ఫ్రేములు పొట్టివీ పొడుగువీ ఉండవచ్చు. మనిషికి సరిపోవలసింది ముందు ఫ్రేము. అయిదడుగులకి అటూ ఇటూ ఉన్నవాళ్ళకి ఇరవైయారు అంగుళాల చక్రం ధారాళంగా చాలు. మరీ పొట్టివారైతే ఇరవైనాలుగైనా తప్పు లేదు. "అది పిల్లల సైజండీ" అని షాపతను నవ్వితే నవ్వనివ్వండి.

సరిపోయిందో లేదో చూసుకోవడం ఇలా. ముందు సైకిలుకి అటో కాలు ఇటో కాలు వేసి నేల మీద నిలబడండి. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆని, అడ్డకడ్డీకీ మీకూ మధ్య ఒకటి రెండంగుళాలు ఖాళీ ఉండాలి. తరవాత సీటు మీద కూర్చోండి. ఇప్పుడు వారిని సైకిలు కదలకుండా పట్టుకోమనండి, వారు వచ్చినందుకు ఇది మొదటి పని. పెడలు పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా చాచుకోవాలి, నడుము పక్కకి వాలకూడదు. అదే సరైన సీటు ఎత్తు. తొక్కేటప్పుడు మడమతో కాక ముందరి పాదంతో తొక్కుతాం కనుక, అప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళు పొట్టలోకి వస్తాయి. పదిరోజులు అలా తొక్కి "మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, సైకిలు పడలేదు" అనేవాళ్ళున్నారు. పడనిది సైకిలు కాదు, సీటు ఎత్తు. అయితే కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, చాలా ఏళ్ళ తరవాత మళ్ళీ ఎక్కినవాళ్ళు, మొదటి నెల సీటు కాస్త దించుకునే తొక్కండి. రెండు కాళ్ళూ నేలకి ఆనుతున్నాయన్న ధైర్యం ముందు కావాలి. ధైర్యం వచ్చాక అరంగుళం అరంగుళం చొప్పున ఎత్తుకోవచ్చు.

చేతుల సంగతి కూడా. హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి, వీపు దాదాపు నిటారుగా ఉండాలి. ముందుకి బోర్లా పడుకున్నట్టు వంగవలసివచ్చే రకాలు పందాలకి బాగుంటాయి. ట్రాఫిక్కులో వెనక్కి తిరిగి చూడటానికి బాగుండవు.

ఇద్దరికీ కలిపి ఒకే సైకిలు కొనే ఇళ్ళు కూడా ఉంటాయి. రెండు కొనే స్తోమతు లేకపోవచ్చు, పెట్టుకునే చోటు లేకపోవచ్చు. వాళ్ళకి ఒక్క మాట: ఇద్దరిలో పొట్టివారి కొలతకి కొనండి. పొట్టివారికి కొన్నదానికి సీటు ఎత్తుకుని పొడుగువారు తొక్కవచ్చు. పొడుగువారికి కొన్నదాన్ని పొట్టివారు ఏం చేసినా తొక్కలేరు, ఫ్రేము కోసుకోలేం కదా! సీటు కింది గొట్టం మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనబడేంత ఎత్తు మాత్రం లేపకూడదు, విరిగే ప్రమాదం ఉంది. రెంచీ అక్కర్లేకుండా చేత్తో తిప్పి వదులుచేసే బిగింపు ఉన్నదైతే సీటు మార్చుకోవడం నిమిషం పని. మా ఇంట్లో ఆ గొట్టం మీద గోళ్ళరంగుతో రెండు చుక్కలు పెట్టాను, ఎర్రది నాది, గులాబీరంగుది మావారిది. అయితే అలాటి బిగింపు ఉన్న సీటుని బజార్లో వదిలి వెళితే ఎవరైనా అంతే సుళువుగా లాక్కుపోతారు, అది గుర్తుంచుకోవాలి.

అడ్డకడ్డీ ఉండాలా, వంపు తిరిగిన లేడీస్ సైకిలు కావాలా అన్నది ఇంకో పేచీ. ఆ కడ్డీ మగవాళ్ళ కోసమని పెట్టింది కాదు. మూడు గొట్టాలు త్రికోణంగా అతికితే తక్కువ బరువుతో ఎక్కువ గట్టిదనం వస్తుంది, అంతే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు ఉండేలా, వెనక చక్రానికి చైను పెట్టి సైకిలు చేశాడు. అంతకుముందు ముందుచక్రం మనిషెత్తు ఉండే బళ్ళుండేవి, పొడుగు పావడాలు కట్టుకున్న ఆడవాళ్ళు వాటిని ఎక్కే మాటే లేదు. ఈ కొత్త సైకిలు వచ్చాక, అక్కడి స్త్రీల పావడాల కోసమని కడ్డీని కిందికి వంచారు, వెనక చక్రానికి వల కట్టారు. ఆ వంపు, ఆ వల మన చీరకి కూడా అక్కరకొచ్చాయి. త్రికోణం పోయిన లోటుకి గొట్టాలు మందంగా వేస్తారు కనుక బరువు కాస్త ఎక్కువ. ఊళ్ళో తిరగడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. నన్నడిగితే, నడివయసు దాటిన మగవాళ్ళు కూడా వంపు సైకిలే కొనుక్కోవచ్చు. కాలు వెనక్కి విసిరి ఎక్కక్కర్లేదు. హాలండులో పెద్దమనుషులు నిక్షేపంగా తొక్కుతారు. మనవాళ్ళకే నామోషీ.

అలాగని కడ్డీ ఉన్న సైకిలు ఆడవాళ్ళకి పనికిరాదనుకోకండి. 1990 దశకం మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ హయాంలో, అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్ళకి సైకిలు నేర్పడం కూడా చేర్చారు. మన నెల్లూరు జిల్లాలో 1992లో చదువుల ఉద్యమంలోంచే సారా వ్యతిరేక పోరాటం పుట్టిన రోజులవి. పుదుక్కోట్టైలో పొలం కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, వేలకి వేలమంది సైకిళ్ళెక్కారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ అక్కడికి వెళ్ళి రాసినదాంట్లో ఒక సంగతి నాకు భలే నచ్చింది. కొంతమంది ఆడవాళ్ళు మగవాళ్ళ సైకిలే కావాలన్నారట, ఎందుకంటే ఆ కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని! ఎవరి అవసరం వాళ్ళకి తెలుస్తుంది. ఫలానా రకమే ఆడవాళ్ళదని కొట్టువాళ్ళు గులాబీరంగు సైకిలు తెచ్చి ముందు పెడితే, అది మీ పనికి వస్తుందో లేదో మీరే చూసుకోండి.

చీర కట్టుకుని తొక్కేవాళ్ళకి రెండు కావాలి. ఒకటి చైనుని పూర్తిగా కప్పేసే కవరు. పైన మాత్రమే ఉండే సగం కవరు కుచ్చిళ్ళని కాపాడదు, పక్కనుంచి లాక్కుంటుంది. రెండోది వెనక చక్రానికి వల. చున్నీ వేసుకునేవాళ్ళు భుజాల మీద వదిలెయ్యకుండా వెనక్కి తీసి నడుం దగ్గర ముడి వెయ్యాలి. చెంగు బొడ్లో దోపుకోవాలి. కొట్టుకి వెళ్ళేరోజున, రోజూ ఏ బట్టలతో తొక్కుతారో అవే కట్టుకుని, అవే చెప్పులు వేసుకుని వెళ్ళండి. చుడీదార్లో చూసి కొన్న సైకిలు చీరలో వేరేగా ఉంటుంది.

పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకునే తల్లులకి వల మరీ ముఖ్యం. వేలాడే చిన్నపాదం తిరిగే చక్రం పుల్లల మధ్యకి వెళ్ళిపోవడం, మడమ చీరుకుపోవడం పిల్లల డాక్టర్లకి బాగా తెలిసిన గాయం. మామూలు వల చక్రం పైభాగాన్నే కప్పుతుంది. కనుక పాదాలు పెట్టుకునే పలకలు, పట్టీ ఉన్న పిల్లల సీటు పెట్టించండి. ఉత్త కారియర్ మీద దిండు వేసి కూర్చోబెట్టి "గట్టిగా పట్టుకో నాన్నా" అంటే, నాలుగేళ్ళవాడు ఎంతసేపు పట్టుకుంటాడు?

ఇహ గేర్లు. కొట్టులో భార్యాభర్తలకి మాటా మాటా వచ్చేది ఇక్కడే. మావారు ఒక సైకిలు చూపించి, "ఇరవై ఒక్క గేర్లోయ్!" అని మురిసిపోయారు. "గాంధీనగరం వెళ్ళి పెరుగు తేవడానికి ఇరవై ఒక్క గేర్లెందుకండీ?" అన్నాను. షాపతను నవ్వాడు గాని, గేరు అంటే ఏమిటో తెలుసుకుంటే ఎవరికి అవసరమో తెలుస్తుంది. పెడళ్ళ దగ్గరి పెద్ద పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక చిన్నదానికి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఇరవైయారు అంగుళాల చక్రం ఒక చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకు నడుస్తుంది. అంటే పెడలు ఒక్కసారి తిప్పితే అయిదు మీటర్లు. చదునైన రోడ్డు మీద హాయిగా ఉంటుంది. అదే ఎత్తు ఎక్కేటప్పుడు, అయిదు మీటర్లకి సరిపడా బలం ఒక్క తొక్కులో పెట్టవలసి వస్తుంది, ఆయాసం వస్తుంది. గేరు మార్చి వెనక 28 పళ్ళ చక్రం మీదికి చైను ఎక్కిస్తే, ఒక్క చుట్టుకి మూడుంబావు మీటర్లే వెళతారు. తొక్కు తేలికవుతుంది, తొక్కులు పెరుగుతాయి. పెద్ద బిందె ఒకేసారి మొయ్యలేనివాళ్ళు చిన్న బిందెతో రెండుసార్లు తిరిగినట్టు.

కాబట్టి విజయవాడ, కాకినాడ, భీమవరం లాటి చదును ఊళ్ళలో కాలువగట్ల వెంబడి తిరిగేవాళ్ళకి గేర్లే అక్కర్లేదు. విశాఖపట్నం వీధుల్లోనో, హైదరాబాదు బంజారా హిల్స్‌లోనో ఉంటే గేర్లు నిజంగా సుఖం. అప్పుడు కూడా వెనక ఏడు గేర్లుంటే బోలెడు. ఇరవై ఒకటి అంటే ముందు మూడు, వెనక ఏడు, మూడేళ్ళు ఇరవై ఒకటి అని ఎక్కం చదవడమే. వాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి ఇంచుమించు సమానం, కొన్ని జతలు చైనుని వంకరగా లాగి అరగదీస్తాయి. పైగా చైను అటూ ఇటూ గంతులెయ్యాలి కనుక గేరు సైకిళ్ళకి సాధారణంగా పూర్తి చైనుకవరు ఉండదు. చీరవాళ్ళకి ఇది పెద్ద చిక్కు. వారికి గేర్ల మోజు ఉంటే ఆ మాట చెప్పండి, ఇంకో వాదన అక్కర్లేదు. బ్యాటరీ సైకిళ్ళు కూడా వచ్చాయి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళకి అవి వరమే. కాని బరువెక్కువ, ఖరీదెక్కువ.

బ్రేకులు రెండూ విడివిడిగా పట్టి చూడండి. మీ వేళ్ళకి పిడి అందుతోందా? చాలా పిడులు మగవాళ్ళ అరచేతికి చేసినవి. దగ్గరికి జరిపే చిన్న మర ఉంటుంది, షాపతన్ని అడిగి జరిపించుకోండి. వానలో ఇనుప రిమ్ముల మీద రబ్బరు బ్రేకు జారుతుంది, అల్యూమినియం రిమ్ములు నయం. డిస్కు బ్రేకులు వానలో బాగా పడతాయి గాని, వాటికి మర్మం తెలిసిన మెకానిక్కు మీ పేటలో ఉండాలి. టైరు పక్కనే ఎంత గాలి ఉండాలో అంకె అచ్చువేసి ఉంటుంది, వారానికోసారి చూసుకుంటే చాలు. సీటు విషయంలో మెత్తదనం చూసి మోసపోకండి. కూర్చుంటే రెండు పిరుదుల ఎముకలూ సీటు మీద ఆనాలి. ఆడవాళ్ళలో సాధారణంగా ఆ ఎముకల మధ్య దూరం ఎక్కువ, అందుకే కాస్త వెడల్పైన, పొట్టి సీటు నప్పుతుంది.

కంపెనీ పేరు కన్నా దాని సామాను మీ వీధి చివర దొరుకుతుందా అన్నది చూడండి. 1951లో సోనీపట్‌లో మొదలైన అట్లాస్ వారి సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. చిత్రమేమంటే అది సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం! అయినా మా మావగారి అట్లాస్ సైకిలుకి ఇవాళ్టికీ ఏ మెకానిక్కు దగ్గరికెళ్ళినా సామాను దొరుకుతోంది. పాత రకాల కొలతలన్నీ ఒక్కటే మరి.

ఇప్పుడు కొట్టులో మాట. షాపతను వారితోనే మాట్లాడతాడు, అది అతని అలవాటు. మీరు కోపం తెచ్చుకోనక్కర్లేదు. వారు "తొక్కేది ఆవిడండీ, ఆవిడ్నే అడగండి" అని ఒక్క మాటంటే చాలు, కథ మారిపోతుంది. ఈ ఒక్క మాట అనమని ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి. ఇద్దరికీ అభిప్రాయభేదం వస్తే అతని ముందు వాదించుకోకండి, "ఇంకో కొట్టు కూడా చూద్దామండీ" అని బయటికొచ్చి మాట్లాడుకోండి. సైకిలు మీరే ఎక్కి వీధిలో ఒక చుట్టు తొక్కి రావాలి. నలుగురూ చూస్తారని సిగ్గుపడకండి. తొక్కి చూడనివ్వని కొట్లో కొనకండి. మీరు తొక్కుతుంటే వారు పక్కనుంచి చూస్తూ, చైను ఎక్కడైనా కరకరమంటోందా, వెనక చక్రం పక్కలకి ఊగుతోందా అని గమనించవచ్చు. సైకిలు స్టాండు వేసి చక్రం తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు అంతటా ఒకేలా ఉందో లేదో చూడమనండి. సందు మారుతుంటే బెండు ఉన్నట్టు, అప్పుడే తీయించాలి. బేరం కూడా వారికి బాగా వస్తే వారినే చెయ్యనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఎంపిక మాత్రం మీది.

బేరమంటే గుర్తొచ్చింది. గేర్లు లేని మామూలు సైకిళ్ళ ధర కొన్ని వేలల్లోనే మొదలవుతుంది. కాని కొత్త ఫ్యాషను సైకిళ్ళకి చాలావాటికి స్టాండు ఉండదు, మడ్‌గార్డులుండవు, కారియరు, బెల్లు, బుట్ట, తాళం అన్నీ విడిగా కొనాలి. అట్ట మీద రాసిన ధర చూసి బడ్జెట్టు వేసుకుంటే ఇంటికొచ్చేసరికి వెయ్యో రెండు వేలో పైన పడుతుంది. ధర తగ్గించమని గింజుకునే కన్నా, ఇవి కలిపి ఇమ్మని అడగడం తెలివి. మడ్‌గార్డులు లేకపోతే మొదటి వానకే వీపు నిండా బురదగీత పడుతుంది, మడ్‌గార్డులుంటే స్టైలు పోతుందని మీ ఇంట్లో ఎవరన్నా అంటే ఆ చొక్కా వారినే ఉతుక్కోమనండి. వెనక చక్రానికి ఉండే గుండ్రటి తాళం చక్రం తిరక్కుండా మాత్రమే ఆపుతుంది, సైకిలు మొత్తం ఎత్తుకుపోయేవాణ్ణి ఆపదు. మందపాటి గొలుసుతో ఫ్రేముని స్తంభానికి కట్టాలి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. సైకిలు బోర్లా తిప్పితే పెడళ్ళ ఇరుసు కింద సాధారణంగా ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని బిల్లు మీద రాయించండి. ఒకప్పుడు మునిసిపాలిటీవారు సైకిలుకి బిళ్ళ ఇచ్చేవారు, రాత్రి దీపం లేకపోతే పోలీసులు గాలి తీసేసేవారు. ఆ బిళ్ళలూ పోయాయి, ఆ భయమూ పోయింది. దొంగతనం జరిగితే ఇప్పుడు మన చేతిలో ఉండేది ఈ నంబరొక్కటే. దీపం మాత్రం ఎవరూ అడక్కపోయినా పెట్టించుకోండి, ముందు తెల్లది, వెనక ఎర్రది.

"నాకసలు తొక్కడమే రాదు, నలభై ఏళ్ళొచ్చాయి" అనేవాళ్ళకి ఒక సుళువు. ఎవరో వెనక సీటు పట్టుకుని పరుగెత్తడం, వాళ్ళు వదిలెయ్యడం, మనం పడిపోవడం, ఆ పద్ధతి మానెయ్యండి. ముఖ్యంగా భర్త నేర్పడం, భార్య నేర్చుకోవడం సంసారానికి మంచిది కాదు! మెకానిక్కుతో పెడళ్ళు రెండూ ఊడదీయించండి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, తెలియక బలవంతం చేస్తే మర చెడుతుంది, అందుకని మెకానిక్కునే అడగమంటున్నాను. సీటు బాగా దించి, ఖాళీ మైదానంలో కాళ్ళతో నేలని తన్నుకుంటూ ముందుకి జరగండి. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన మొట్టమొదటి రెండు చక్రాల బండికి అసలు పెడళ్ళే లేవు, ఇలాగే నడిపేవారు. మూడు నాలుగు రోజుల్లో రెండు కాళ్ళూ ఎత్తి పది గజాలు జారగలుగుతారు. నిలకడ వచ్చేసినట్టే. అప్పుడు పెడళ్ళు బిగించుకోవచ్చు. నేర్చుకునే రోజుల్లో చీర వద్దు, హెల్మెట్టు ఉంటే మంచిది.

కొన్న కొత్తలో తీగలు సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి, నట్లు వదులవుతాయి. కనుక రెండు మూడు వారాలు తొక్కాక బిల్లు పట్టుకుని అదే కొట్టుకి వెళ్ళండి, చాలామంది మొదటిసారి ఊరికే బిగించి ఇస్తారు. ఆ రోజుకి వారు తోడు రానక్కర్లేదు. సైకిలు ఉంది కదా, తొక్కుకుంటూ మీరే వెళ్ళి రావచ్చు.